ఉద్దానం సముద్రంలో నిప్పుకొండ

దెయ్యాలను నేను నమ్మను. అప్పుడు నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. పలాస పక్కన కాశీబుగ్గ బజారులో పుట్టి పెరిగినవాణ్ణి. దెయ్యాలంటూ ఉంటే ఈపాటికి మా వీధిలో ఎవరో ఒకరు వాటికీ సరుకు అమ్మేవారు. ఎవరూ అమ్మలేదంటే లేవనే అర్థం.

ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే, కింద రాయబోయేది చదివి "నువ్వు కూడా ఆ గుంపులో చేరిపోయావా" అనేవాళ్ళు ఉంటారు. చేరలేదు. నా కళ్ళతో చూసింది, నా చేత్తో ముట్టుకున్నది రాస్తున్నాను. దీనికి వివరణ మీ దగ్గర ఉంటే చెప్పండి, వింటాను. కాకపోతే బేరం ఆడతాను. మొదటి మాటకే ఒప్పుకునే అలవాటు మా ఇంటా వంటా లేదు.

మా నాన్నది కిరాణా కొట్టు. దీపావళి ముందు బాణసంచా కూడా అమ్మేవాడు. నేను జీడిపప్పు వ్యాపారంలోకి దిగాను. ఉద్దానం పల్లెల్లో జీడిపిక్కలు కొనడం, పలాసలో కొట్టించడం, పప్పును లారీలకెత్తడం నా పని. పిక్కల కోసం తిరిగి తిరిగి సముద్రం ఒడ్డు ఊళ్ళన్నీ నాకు ఇంటి గదుల్లా తెలుసు. ఎవరి తోటలో పిక్క లావు, ఎవరింట్లో మజ్జిగ పలచన, అదీ తెలుసు.

అందుకే, రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్ళు గడిచాక, ఒక పరిశోధన సంస్థ వాళ్ళు మా తీరానికి వచ్చి పడవ, టెంపో, భోజనాలు సమకూర్చేవాడు కావాలని అడిగితే, టెక్కలిలో ఎవరో నా పేరు చెప్పారు. ఆ సంస్థ పేరు రాయను. వాళ్ళకి ఇష్టం ఉండదు.

వచ్చినవాళ్ళలో ఈ కథకి ఇద్దరు చాలు. ఒకరు వాళ్ళ పెద్ద సార్. ఉద్దానం నీళ్ళు తాగితే కిడ్నీలు పోతాయని ఎక్కడో చదివి, పళ్ళు తోముకోవడానికి కూడా క్యాను నీళ్ళు అడిగిన మనిషి. రెండోది శారద. గుంటూరు వైపు అమ్మాయి, ఇంజనీరు. వాళ్ళు తెచ్చిన యంత్రాన్ని కట్టినవాళ్ళలో ముఖ్యురాలు.

యంత్రం పసుపు రంగులో ఉండేది. గ్యాసు సిలిండరును ఎవరో రెండు వైపులా పట్టుకుని సాగదీసినట్టు, మనిషి కంటే కొంచెం పొడుగు. వెనక చిన్న పంఖా, రెక్కలు. దాన్ని నీళ్ళలో వదిలితే తాడు ఉండదు, తీగ ఉండదు, లోపల మనిషీ ఉండడు. ముందే చెప్పిన దారిలో తనంతట తానే మునిగి, తిరిగి, పైకి తేలుతుంది. అడుగున సముద్రం నేల ఎలా ఉందో పటం తీసి తెస్తుంది. నీళ్ళలో అంత లోతున కళ్ళు పనిచేయవు కాబట్టి చప్పుడు చేసి, తిరిగొచ్చే చప్పుడును వింటుందట. కొబ్బరికాయ తట్టి లోపల నీళ్ళెంతున్నాయో చెప్పమా, అలాగన్న మాట. ఈ పోలిక నేను చెబితే శారద తన పుస్తకంలో రాసుకుంది. ఆ రోజంతా నేను కాస్త ఎత్తుగా నడిచాను.

అసలు దాన్ని కట్టింది అండమాన్ సముద్రం కోసం. అక్కడ నీళ్ళ అడుగున ఒక నిప్పుకొండ ఉంది. ఉందని తెలుసు గానీ దాని ఆకారం ఎవరూ చూడలేదు. ఓడ మీంచి చూస్తే ఏదో గడ్డలాగా మసగ్గా కనిపిస్తుంది, అంతే. దగ్గరగా వెళ్ళి చుట్టూ తిరిగి పటం తేవడం ఈ యంత్రం పని. అండమాన్ ఓడ ఎక్కేముందు మా తీరంలో పరీక్ష. ఇక్కడ ఓడల రద్దీ లేదు, ఒడ్డుకి కొంత దూరంలో సముద్రం అడుగున ఒక రాతి గుట్ట ఉంది. మన వాళ్ళు పార అంటారు, చేపలకు మంచి చోటు. ఆ పార మీద యంత్రం వరుసగా అటూ ఇటూ తిరిగి పటం తేవాలి. తేకపోతే ఓడ లేదు. గోడౌన్లో పెట్టి తాళం వేసేస్తారు.

"కాలేజీ వదిలినప్పటి నుంచీ నేను చేసింది ఈ ఒక్క పనే, షావుకారు గారూ" అంది శారద. "ఇది ఆగిపోతే నాకు చూపించుకోవడానికి ఇంకేమీ లేదు."

వజ్రపుకొత్తూరు దాటాక ఒక పల్లెలో దిగాం. తుఫాను షెల్టరులో మకాం. దాలయ్య అని నాకు తెలిసిన పడవ మనిషిని మాట్లాడాను. అంతా కుదిరింది, యంత్రాన్ని పడవలోకి ఎక్కించే ముందు దాలయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాయమ్మ సెయ్యెయ్యకుండా దీన్ని నీల్లలోకి దించనేను, సావుకారా."

"అది పడవ కాదు దాలయ్యా, యంత్రం."

"పడవకి ఇంజిను నేదేటి? అదీ యంత్రమే. కొత్తది ఏదైనా మాయమ్మ సెప్పి పంపాల. అలగే వత్తాది మా కాడ."

వాళ్ళ ఇంటి ఆచారం అది. కొత్త పడవ దించేటప్పుడు ఇంటి పెద్దావిడ దాని ముక్కు మీద పసుపు పెట్టి, ఎక్కడికి వెళ్ళాలో, ఏం చెయ్యాలో, ఎక్కడికి తిరిగి రావాలో గట్టిగా చెబుతుంది. పడవకి చెవి ముక్కు దగ్గరే ఉంటుందట.

పెద్ద సార్ ససేమిరా అన్నారు. పసుపు నీళ్ళు పడితే కింద ఉన్న పరికరాలు పాడవుతాయన్నారు. ఇక్కడ నా విద్య వాడాను. ఊరివాళ్ళు కోడిని కోస్తామంటున్నారండీ, రక్తం ముక్కు మీద చల్లాలట అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. కాసేపు వాళ్ళతో మాట్లాడి వచ్చినట్టు సరుగుడు తోట దాకా నడిచి వచ్చి, ఎలాగో బేరాన్ని ఒక కొబ్బరికాయ, పైభాగాన చిటికెడు పసుపు దగ్గరికి తెచ్చానండీ అన్నాను. ఆయన నాకు థ్యాంక్స్ కూడా చెప్పారు. కోడి సంగతి దాలయ్య తల్లికి తెలియనే తెలియదు.

ఆవిడ పేరు పోలమ్మ. ఎండిన మొగలి ఊడలా సన్నగా, గట్టిగా ఉండే మనిషి. వచ్చి యంత్రం చుట్టూ తిరిగి చూసింది.

"ఇదెక్కడికెల్తాది నాయనా?" అని నన్ను అడిగింది.

చెప్పాల్సిన జవాబు, ఇక్కడే పార దాకా వెళ్ళి వస్తుందమ్మా అని. కానీ అంత వైభోగంగా తెచ్చిన సరుకుని అంత చప్పగా చూపించడం నా వల్ల కాలేదు. "సముద్రం అడుగున నిప్పుకొండ ఉందమ్మా. దాన్ని చూడ్డానికి వెళ్తోంది" అన్నాను. అబద్ధం కాదు కదా. వచ్చే ఏటి పంటని ఈ ఏడే చూపించి అమ్మడం మా బజారులో అబద్ధం కిందకి రాదు.

"ఓలమ్మో, నీల్లలో నిప్పా!" అని పోలమ్మ బుగ్గలు నొక్కుకుంది. తరవాత పసుపు పెట్టి, ఆ యంత్రం ముక్కు మీద అరచెయ్యి ఆనించి, సొరచేప పిల్ల అని దానికి పేరే పెట్టేసి, చంటిపిల్లని బడికి పంపేటప్పుడు చెప్పినట్టు చెప్పింది.

"సొరపిల్లా, ఇను. నిప్పుకొండ కాడికెల్లు. సుట్టూ తిరిగి బాగా సూడు. సూసి ఈ ఒడ్డుకే రా. బేగి రా."

శారద నవ్వు ఆపుకుంటూ నా చెవి దగ్గర, "మేమిచ్చిన దారి పార దాకానే, పాపం ఆవిడకి చెప్పకండి" అంది. నేనూ నవ్వాను.

పొద్దున్నే, సముద్రం సద్దుమణిగి ఉన్నప్పుడు వెళ్ళాం. దాలయ్య మహేంద్రగిరి కొండ మీది ఒక శిఖరాన్ని, ఒడ్డు మీది సరుగుడు తోట మొనను ఒక వరసలోకి తెచ్చుకుని, ఇదే పార అన్నాడు. శారద దగ్గరున్న పరికరం కూడా అదే చెప్పింది. యంత్రాన్ని దించారు. ఒకసారి ముక్కు వంచి, పంఖా తిప్పి, మాయమైంది. మధ్యాహ్న భోజనం వేళకి పడవ పక్కనే తేలాలి.

తేలలేదు.

శారద నీళ్ళలోకి ఒక పరికరం దించి పిలిచింది. జవాబు లేదు. లోతు చూడమంటే దాలయ్య రాయి కట్టిన తాడు వదిలాడు. ఎప్పుడూ తగిలే చోటే నేల తగిలింది. పడవ ఎక్కడికీ కొట్టుకుపోలేదనడానికి ఇది రాస్తున్నాను. ఆ కొండ, ఆ తోట మొన అదే వరసలో ఉన్నాయి. నేనూ చూశాను.

మధ్యాహ్నమంతా ఊళ్ళో ఉన్న పడవలన్నీ వెతికాయి. పెద్ద సార్ కోపమంతా నా మీదికి వచ్చింది. కొబ్బరి పీచు పంఖాలో ఇరుక్కుని ఉంటుందన్నారు. "కాయ ఒడ్డున కొట్టాం సార్, పీచు దాలయ్య ఇంట్లో పొయ్యి కింద ఉంది, చూపించమంటారా" అన్నాను. శారద పడవ అంచు పట్టుకుని నీళ్ళనే చూస్తూ కూర్చుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఒడ్డుకొచ్చాక చూస్తే అరచేతుల్లో చెక్క పేళ్ళు గుచ్చుకుని ఉన్నాయి.

పొద్దు వాలే వేళ ఒడ్డున వలలు దులుపుతున్న ఆడవాళ్ళు కేకలు వేశారు. పరిగెత్తాం. దాలయ్య ఇంటికి వెళ్ళే కాలిబాటకి ఎదురుగా, కెరటం విరిగే చోట, యంత్రం పడి ఉంది. ముక్కు ఊరి వైపు.

మొదట దాని దగ్గరికి చేరింది నేను. అందరికంటే లావుగా ఉండి కూడా నేనే ముందు చేరానంటే ఎంత కంగారు పడ్డానో ఊహించుకోండి. డొక్క మీద చెయ్యి వేశాను. వెంటనే తీసేశాను. వేడిగా ఉంది. టీ గ్లాసు పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా. కెరటం వచ్చి తడిపి వెళ్తోంది, అయినా.

ఇంకొకటి, వాసన. నేను బాణసంచా కొట్టులో పెరిగాను. గంధకం వాసన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్త అగ్గిపెట్టెల కట్ట విప్పినట్టు ఆ ఒడ్డంతా అదే వాసన. దాలయ్య కూడా ముక్కు మూసుకున్నాడు. పెద్ద సార్ మాత్రం తనకి జలుబన్నారు.

షెల్టరులో కంప్యూటరుకి తీగ తగిలించి చూశారు. యంత్రం లోపలి లెక్క ప్రకారం అది దారి తప్పలేదు. తిరగమన్న చోటే, తిరగమన్న వరసలే తిరిగింది. కింద ఉన్నది మాత్రం పార కాదు. కొండ.

నేను ఆ తెర ముందే నిలబడి ఉన్నాను. గుండ్రటి కొండ, నెత్తిన పెద్ద గొయ్యి. గొయ్యి అంచుకి ఒక పక్క ఎవరో అరిసె కొరికినట్టు చిన్న గండి. పక్కనే తల్లి కొంగు పట్టుకున్న పిల్లలా ఇంకో చిన్న కొండ. రంగులు ఎంత తేటగా ఉన్నాయంటే గోటితో గీరితే మట్టి వస్తుందేమో అనిపించింది. లోతు చూసి శారద కుర్చీలోంచి లేచింది. మా పడవ ఆ పూట వెళ్ళగలిగిన దూరంలో అంత లోతు ఎక్కడా లేదు.

ముందు నాకు వచ్చిన అనుమానం మీకూ వచ్చి ఉంటుంది. ఏదో విదేశీ కొండ పటం అభ్యాసం కోసం ముందే అందులో పెట్టి ఉంటారు, అదే బయటికి వచ్చింది. అడిగాను. శారద లోపల ఉన్నదంతా తెరిచి చూపించింది. పరీక్షకి ముందు కడిగిన పళ్ళెంలా ఖాళీ చేశారు. చప్పుడు తప్పుగా తిరిగొచ్చిందా అన్నాను. తప్పు చప్పుడు గీతలు గీస్తుంది, చుక్కలు పెడుతుంది, అంచుకి గండి ఉన్న కొండను గియ్యదు అంది. సముద్రంలో కొట్టుకుపోయి ఎక్కడో నిజంగా కొండను చూసిందా? బ్యాటరీ అంత దూరానికి చాలదు. మరి ఒంటి మీది వేడి? ఎండకి అన్నారు పెద్ద సార్. వాలే పొద్దు ఎండలో, నీళ్ళలో నానే సామాను వేడెక్కితే మా అమ్మ ఒడియాలు సముద్రంలోనే ఆరబెట్టుకునేది సార్ అన్నాను. ఆయనకి నచ్చలేదు.

ఆయన తీర్పు తేలిక. ఇది చెడిన పరుగు. చెరిపేయండి. రేపు ఇంకొకసారి వదలండి, రేపు కూడా ఇలాగే చేస్తే సామాను సర్దుకుందాం.

"తప్పు ఎక్కడుందో చూపించండి సార్, నా చేత్తోనే చెరిపేస్తాను" అంది శారద. "తప్పు దొరక్కుండా చెరపను."

ఆ అమ్మాయి ఉద్యోగం ఆయన చేతిలో ఉంది. అయినా తగ్గలేదు. నేను కొనేవాళ్ళ ముందు, అమ్మేవాళ్ళ ముందు చాలా బిగిసినవాణ్ణి, కానీ అలా బిగియలేదు ఎప్పుడూ. నాకు ఎదుటివాడు తగ్గుతాడని తెలిస్తేనే ధైర్యం.

మర్నాడు పొద్దున్న పోలమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి నేను ఆర్భాటం చెయ్యలేదు. ఎందుకో గొంతు కూడా తగ్గించాను. "పోలమ్మా, పార దాకా వెళ్ళి చూసి రమ్మను. చాలు."

"ఇంతేనేటి?" అంది ఆవిడ, ధర తగ్గించి చెప్పినందుకు మొహం చిన్నబుచ్చుకున్నట్టు. అయినా చెప్పింది.

భోజనం వేళకి యంత్రం పడవ పక్కనే తేలింది. పార పటం తెచ్చింది. దాలయ్య వల ఎప్పుడూ చిరిగే రాతి మొన కూడా అందులో ఉంది. పరీక్ష గెలిచింది. పెద్ద సార్ అందరితో చేతులు కలిపి, ముందు రోజుది తానే స్వయంగా చెరిపేశారు.

చెరిపే ముందే శారద ఒక పెద్ద కాగితం మీద ఆ కొండను అచ్చు తీసింది. పలాస స్టేషన్లో రైలెక్కబోతూ ఆ చుట్ట నా చేతిలో పెట్టింది. "మా దగ్గర ఉంటే చింపేస్తారు. మీ కొట్లో ఉంచండి." నేను దాన్ని అద్దం కట్టించి, దేవుడి క్యాలెండరు పక్కన తగిలించాను. వచ్చినవాళ్ళు అదేమిటని అడిగేవారు. ఉద్దానం సముద్రంలో దొరికిన నిప్పుకొండ అని చెప్పేవాణ్ణి. నవ్వేవారు. నవ్విన మనిషి జీడిపప్పు బేరం ఎక్కువ ఆడడని కూడా కనిపెట్టాను.

మరుసటి ఏడు వాళ్ళు అండమాన్ వెళ్ళారు. కొన్నాళ్ళకి పోర్ట్ బ్లెయిర్ నుంచి శారద ఫోను.

"ఆ కాగితం ఉందా?"

"ఉంది. ఏమైంది?"

"వస్తున్నాను."

పలాసలో దిగి సరాసరి కొట్టుకి వచ్చింది. బాగా నల్లబడింది, చిక్కిపోయింది. పటాన్ని గోడ మీంచి దించి గల్లా బల్ల మీద పడుకోబెట్టాను. శారద సంచీలోంచి పలచటి ప్లాస్టిక్ కాగితం తీసింది. అండమాన్ కొండ, అదే కొలతకి అచ్చు తీసింది. సగమే ఉంది. దాన్ని మెల్లగా జరిపి జరిపి నా పటం మీద పరిచింది.

నేను త్రాసు ముల్లు చూసి బతికినవాణ్ణి. వెంట్రుక వాసి తేడా ఉన్నా నా కన్ను పట్టేస్తుంది. తేడా లేదు. గొయ్యి అంచు అంచు మీద కూర్చుంది. అరిసె కొరికిన గండి గండి మీద కూర్చుంది. దాన్ని తిప్పి చూశాను. కళ్ళద్దాలు తుడిచి చూశాను. పప్పు కొనడానికి వచ్చిన మందస మనిషిని పిలిచి, ఏమీ చెప్పకుండా, "ఇవి రెండూ ఒకటేనా బావా" అని అడిగాను. "ఒకటి మీద ఒకటి అచ్చేసినట్టున్నాయి, ఏటి సంగతి?" అన్నాడు. అప్పుడు కూర్చున్నాను.

"మిగతా సగం?" అన్నాను.

"ఆ సగం చూడ్డానికి వెళ్ళినప్పుడు తిరిగి రాలేదు" అంది శారద. "వెతికాం. ఓడకి ఇచ్చిన రోజులు అయిపోయాయి."

పిల్ల కొండ ఉన్న సగం ఇప్పుడు లోకంలో ఒక్క చోటే ఉంది. నా కొట్లో, దేవుడి క్యాలెండరు పక్కన.

ఆ రోజే టెంపోలో పోలమ్మ దగ్గరికి వెళ్ళాం. శారదే వెళ్దామంది. ముసలావిడ గుమ్మంలో కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది, పక్కన దాలయ్య వల బాగుచేసుకుంటున్నాడు. సొరపిల్ల పోయిందని చెబితే చేతులు ఆపింది.

"రమ్మని సెప్పినారేటి?"

"వచ్చే దారి అంతా ఇచ్చాం అమ్మా. ఎక్కడ తేలాలో, ఎప్పుడు తేలాలో, అన్నీ."

"దారి ఇత్తే సాలదమ్మా. రా అనాల."

నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి అప్పటికే తనని తాను తిట్టుకుంటోంది, పైగా ఇదొకటి. పోలమ్మ భర్త వేటకెళ్ళి సముద్రంలో పోయాడని ఊరందరికీ తెలుసు. అనకూడని మాటే, అయినా అన్నాను. "మరి మీ ఆయనకి చెప్పలేదా పోలమ్మా, రమ్మని?"

దాలయ్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పోలమ్మకి మాత్రం కోపం రాలేదు. కత్తిపీట పక్కన పెట్టి, నాకు అర్థమయ్యేలా, నెమ్మదిగా చెప్పింది.

"సెప్పేను నాయనా. కొత్త పడవ అది. ఎల్లి రా అని సెప్పేను. వచ్చింది. ఇదిగో, ఈ బాట కాడికే వచ్చింది, మనిసి నేకుండా. నాను పడవకే సెప్పేను గదా. ఆయనకి సెప్పనేదు. పక్కనే నిలబడ్డాడు గదా, నా మాట ఇంటన్నాడు గదా అనుకున్నాను."

తరవాత మళ్ళీ చేపల పని చూసుకుంది. శారద ఆవిడ పక్కన, ఆ తడి నేల మీదే, చాలాసేపు కూర్చుంది. నేను బయట టెంపో దగ్గర నిలబడ్డాను.

పటానికి నకలు తీయించి శారదకి ఇచ్చాను. అసలుది ఇవ్వలేదు, ఆమె అడగలేదు. ఆమె తన నివేదికలో రెండు సగాలూ పెట్టింది. మొదటి సగం కొలిచిన చోటు అండమాన్ సముద్రం అని, రెండో సగం కొలిచిన చోటు ఉద్దానం తీరం అని రాసింది. పైవాళ్ళు వెనక్కి పంపారు. ఆ వాక్యం తీసేస్తే ఆమె పేరుతోనే అచ్చవుతుందన్నారు. తియ్యలేదు. నకలు మీద నకలు పంపింది. చివరికి సగం కొండే అచ్చయింది, పెద్ద సార్ పేరుతో. శారదని వేరే విభాగంలో వేశారు.

"ఒక్క వాక్యం, తగ్గితే ఏం పోయింది?" అని ఫోనులో అడిగాను. అలవాటు కొద్దీ అడిగాను.

"మీరైతే తగ్గేవారా?"

"నేనైతే మొదటే రెండు వాక్యాలు ఎక్కువ రాసి, ఆ రెండూ తీసేసి, దీన్ని నిలబెట్టేవాణ్ణి" అన్నాను. ఆ పిల్ల చాలా రోజుల తరవాత నవ్వింది.

ఇంతవరకూ జరిగింది ఇదే. దీనికి నా దగ్గర వివరణ లేదు. ఉన్నవాళ్ళు చాలామంది వచ్చారు. కాలేజీ లెక్చరరు ఒకాయన వచ్చి అంతా యాదృచ్ఛికం అన్నాడు. యాదృచ్ఛికం ఇంత నాణ్యంగా దొరికితే నాకు బస్తాల్లెక్కన కావాలి, ఎక్కడ అమ్ముతారో చెప్పమన్నాను. ఇచ్ఛాపురం నుంచి ఒక భక్తుడు వచ్చి ఇది అమ్మవారి మహిమ, పటం ఇస్తే గుడి కడతాను అన్నాడు. ఆయన్నీ పంపేశాను. మహిమ అయితే ఆ అమ్మాయి పేరు అచ్చులో లేకుండా ఎందుకు పోతుంది? ఇటు వాళ్ళకీ నేను లొంగను, అటు వాళ్ళకీ లొంగను. పటం గోడ మీదే ఉంది. నమ్మనివాళ్ళు కాశీబుగ్గ వచ్చి చూసుకోవచ్చు. టీ నేను ఇప్పిస్తాను.

ఎప్పటికో ఒకప్పటికి ఇంకో ఓడ వెళ్తుంది, ఇంకో యంత్రం ఆ మిగిలిన సగాన్ని చూస్తుంది. ఆ రోజు ఫోను చెయ్యమని శారదకి చెప్పి ఉంచాను. అక్కడ పిల్ల కొండ లేకపోతే అద్దం దించేస్తాను, నలుగురిలో నా తప్పు ఒప్పుకుంటాను. ఉంటే మాత్రం, అప్పటికీ దెయ్యాలను నమ్మను. ఏం నమ్మాలో తెలియదు, అంతే.

ఒక్కటి మాత్రం రాయక తప్పదు, లేకపోతే మా పనివాళ్ళు ఎలాగూ చెప్పేస్తారు. లోడెక్కిన లారీ మా షెడ్డులోంచి బయల్దేరేటప్పుడు నేను వెళ్ళి దాని ముందు భాగం మీద అరచెయ్యి వేసి, విజయవాడ వెళ్ళి ఇక్కడికే రా అంటాను. మనసులో కాదు, పైకే. తరవాత తలుపు దగ్గరికి వెళ్ళి, డ్రైవరుకి విడిగా, పేరు పెట్టి పిలిచి, నువ్వు కూడా రా అంటాను. అందరూ నవ్వుతారు. నవ్వనీ. నమ్మకం కాదిది. ఖర్చు లేని పని ఏదైనా ఉంటే షావుకారు బిడ్డ వదులుకోడు, అంతే.

క్లీనరు వెనక ఎక్కితే, వాడికీ చెబుతాను.